శ్రమ దినాల్లో శ్రమ ఎక్కడ?

తెలుగు క్రైస్తవులు లెంట్ కాలాన్ని శ్రమ దినాలంటారు. ఈ పేరు పెట్టినవాళ్లు ఏం ఆలోచించి పెట్టారో గానీ, మన పల్లెల్లో ఇంతకంటే బరువైన మాట ఇంకోటి లేదు. చర్చి భాషలో శ్రమ అంటే బాధ, హింస, యాతన. క్రీస్తు శ్రమలంటే ఆయన తిన్న కొరడా దెబ్బలు, దిగిన మేకులు, చావు. చర్చి గడప దాటి బయటికొస్తే అదే మాటకి పని అని అర్థం. చెమటోడ్చి చేసే పని, కూలి పని, ఒకప్పటి వెట్టి పని. ఈ రెండర్థాలూ ఒకే మనిషి వొంటి మీద కలిసిన కులాలు తెలుగునాట వున్నాయి. లూథరన్ సంఘాల్లో ఎక్కువమంది ఆ కులాలవాళ్లే. అయినా భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా, ఆదివారాలు తీసేసి లెక్కపెట్టే ఆ నలభై రోజులూ ప్రసంగ వేదిక మీంచి మొదటి అర్థమే వినబడుతుంది. రెండో అర్థం కింద చాప మీద కూర్చుని వింటూ వుంటుంది.

విశ్వాసాన్ని వెక్కిరించటం ఈ వ్యాసం పని కాదు. ఆ పని మన వామపక్ష మిత్రులు ఎప్పుడో చేసి చేతులు దులుపుకున్నారు. మతం మత్తుమందు అని తేల్చేశాక పల్లెలో రాత్రి ఎనిమిదింటికి జరిగే కూటంలో ఏం జరుగుతోందో చూడాల్సిన అవసరం వాళ్లకి లేకపోయింది. వాళ్ల పత్రికల నిండా కూడా శ్రమే: శ్రమశక్తి, శ్రమ దోపిడీ, శ్రామికవర్గం. ఆ శ్రమకి కులం లేదు. చర్చిలో శ్రమకి పని లేదు. దళితుడికి రెండు చోట్లా సగం మాటే దక్కింది. ఆ మిగతా సగం సంగతి తెలుగు లూథరన్ సంఘాల శ్రమ దినాల్లో ఏమైందో చూద్దామనే ఈ ప్రయత్నం.

ముందు కాలం సంగతి. శ్రమ దినాలు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో పడతాయి. గుంటూరు, పల్నాడు వైపు అది మిరప కోతల కాలం. పొద్దున్నే ఆటోల్లో కిక్కిరిసి పోయి, చీకటి పడే వేళకి తిరిగొచ్చే ఆడవాళ్లే పల్లెలో సంఘాన్ని మోసేది. రోజంతా కాయ కోసిన చేతులు రాత్రి కూడా మండుతూనే వుంటాయి. కన్ను నలుపుకోవాలంటే భయం, చంటిబిడ్డని ఎత్తుకోవాలంటే భయం. కొందరు మజ్జిగలో చేతులు పెట్టుకుంటారు, కొందరు కొబ్బరినూనె రాసుకుంటారు. ఆ చేతుల్తోనే అన్నం వండి, పిల్లలకి పెట్టి, కూటానికి వస్తారు. పాట ఎత్తుకునేది వాళ్లే. పూటపూటా ఎసట్లో పోసే ముందు పక్కన తీసిపెట్టిన పిడికెడు బియ్యాన్ని మూటగట్టి దేవుడి పనికి ఇచ్చేదీ వాళ్లే. వాళ్ల అరచేతుల మంట గురించి మాత్రం ప్రసంగం వుండదు. మేకులు దిగిన అరచేతుల గురించే వుంటుంది. రెండూ అరచేతులే కదయ్యగారూ అంటే, 'ఆయనది లోక పాపం కోసం పడ్డ శ్రమమ్మా, మన కష్టాన్ని దాంతో పోల్చకూడదు' అని జవాబు. వేదాంతపరంగా ఆ జవాబులో తప్పు పట్టటానికి లేదు. అయితే పోల్చమని ఎవరడిగారు? పక్కపక్కన పెట్టి చూడమంటున్నాం. పక్కన కూడా పెట్టలేనంత మైల ఏముంది ఆ అరచేతుల్లో?

ఈ సంఘాల పుట్టుకలో రెండర్థాలూ ఇంతగా విడిపోయి లేవు. జర్మనీలో పుట్టి అమెరికా నుంచి వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. తెలుగు లూథరన్ చరిత్రలన్నీ అక్కణ్ణించే మొదలవుతాయి. మనకి కావాల్సిన చరిత్ర ముప్ఫయ్యేళ్లు పైబడ్డాక మొదలైంది. 1876-78 కరువు దాటిన తరవాత పల్లెలకి పల్లెలు మిషన్ల వైపు కదిలాయి. గుంటూరు లూథరన్లలోకి ఎక్కువగా మాలలు, ఒంగోలు బాప్టిస్టుల్లోకి ఎక్కువగా మాదిగలు వచ్చారు. ఒంగోల్లో బాప్టిస్టు మిషనరీ క్లౌ కరువు పనిగా బకింగ్‌హామ్ కాలవలో కొన్ని మైళ్ల తవ్వకం గుత్తకి తీసుకున్నాడు. పగలు మట్టి తవ్వి మోసినవాళ్లే సాయంత్రాలు బోధ విన్నారు. కూలి కోసం మతంలో చేరారన్న మాట పడకూడదని కరువు పని నడిచినన్నాళ్లూ అతను బాప్తిస్మం ఇవ్వలేదు. ఆపేశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. గంజి కోసం కలిశారు అని ఇప్పటికీ ఎద్దేవా చేసేవాళ్లకి ఈ సంగతి చెప్పి వూరుకోవచ్చు. నాకు ముఖ్యమనిపించేది అంతకుముందు నుంచీ ఆ మాదిగ విశ్వాసులకి పెట్టిన మూడు నియమాల్లో మొదటిది. చచ్చిన గొడ్డు తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు అనేవి మిగతా రెండు. మొదటిది ఆదివారం పని చెయ్యకూడదు. చూట్టానికి భక్తి నియమం. ఊరి పెత్తందార్లకి అది అలా కనబడలేదు. వారంలో ఏ రోజు పిలిస్తే ఆ రోజు రావాల్సిన మనిషి 'ఇవాళ రాను' అన్నాడు. దానికి దెబ్బలు పడ్డాయి. వాళ్లు విశ్వాసం కోసం పడ్డ శ్రమ, శ్రమ చెయ్యనన్నందుకు పడ్డ శ్రమే. అది బాప్టిస్టుల కథ, లూథరన్లకేం సంబంధం అనొచ్చు. పొలిమేర రాళ్లు మిషన్లవి, కూలీలవి కావు.

ఇక ఇవాళ్టి ప్రసంగం దగ్గరికి వద్దాం. శుభ శుక్రవారం పన్నెండింటి నుంచి మూడింటి దాకా సిలువ మీది ఏడు మాటల ఆరాధన. ఏడుగురు ప్రసంగీకులు. ఎవరికి ఏ మాట ఇవ్వాలన్నది సంఘంలో చిన్న ఎన్నికంత తతంగం. రిటైరైన హెడ్మాస్టరుగారికి ఒకటి, పట్నంలో ఉద్యోగం చేసే అబ్బాయి పండక్కొస్తే అతనికొకటి. తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాట ఏటా అమ్మగారికో, స్త్రీల సమాజం అధ్యక్షురాలికో. ఆడవాళ్లకి తల్లి గురించిన మాట తప్ప ఇంకోటి ఇవ్వొచ్చని మనకి తోచదు. కోతలకి పోయే మనిషికి ఏడింట్లో ఒకటైనా దక్కిన సంవత్సరం నేను తిరిగిన సంఘాల్లో నాకు తారసపడలేదు.

ఐదో మాట దప్పిక గురించి. ఏడింట్లో వొంటి బాధ చెప్పే మాట అదొక్కటే. నెత్తురు పోయి, ఎండలో వేలాడుతున్న మనిషి నోరెండిపోయి దాహం అన్నాడు. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు, బిందె పట్టుకుని వీధికుళాయి దగ్గర నిలబడ్డ ఏ మనిషినడిగినా చెబుతుంది. మన ప్రసంగీకులు మాత్రం ఆ నోటి దాహాన్ని రెండు వాక్యాల్లో దాటేసి 'ఇది ఆత్మల దాహం' అనేస్తారు. అక్కణ్ణించి ఆత్మల సంపాదన, అక్కణ్ణించి కానుకలు. నీళ్లు ఎప్పుడు ఆవిరయ్యాయో వినేవాళ్లకి తెలియదు.

1985 జూలై 16న కారంచేడులో మాదిగలు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర ఒక కమ్మ యువకుడు గేదెల బకెట్లు కడిగి నీళ్లు మురికి చేశాడు. ఒక మాదిగ కుర్రాడు ఇదేంటని అడిగాడు. కొట్టబోతే, నీళ్లకొచ్చిన ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు పల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరం వేసుకున్నారు. కారంచేడు తరవాత కూడా తెలుగు ప్రసంగీకుడు ఐదో మాటకి ఆత్మల దాహం అని అర్థం చెప్పటం అజ్ఞానం కాదు, ఎంపిక. నీళ్లు అనగానే చెరువు గుర్తొస్తుంది, చెరువు అనగానే కారంచేడు, కారంచేడు అనగానే పక్క ఊళ్లో పొలం కౌలుకిచ్చే ఆసామి. ఆత్మ అంటే ఎవరూ గుర్తురారు.

తారీఖుల్లో కూడా ఒక విశేషం వుంది. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి సొంత సంఘంగా ఏర్పడింది 1927లో. అదే ఏడాది మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ చవ్‌దార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకుని తాగాడు, వెనకాల వేలమంది తాగారు. ఆ సంవత్సరం ఈస్టర్ ఏప్రిల్ 17. వెనక్కి లెక్కపెట్టుకుంటే మార్చి 20 శ్రమ దినాల్లో మూడో ఆదివారం. ఇవాళ చాలా ప్రొటెస్టెంటు చర్చీలు వాడే మూడేళ్ల పాఠ పట్టికలో మొదటి ఏడాది ఆ ఆదివారానికి వచ్చే పాఠం సమరయ స్త్రీ, బావి. అంటరాని స్త్రీని నీళ్లడిగిన కథ. ఇది కాకతాళీయమే, దేవుడి సంకల్పం అని నేననను. కానీ సన్డే స్కూలు పిల్లలకి చెప్పటానికి ఇంతకన్నా మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

శ్రమని ప్రసంగంలో చెప్పే తీరులో ఇంకో మోసం వ్యాకరణంలో వుంది. 'ప్రభువు శ్రమపడ్డాడు' అంటాం. పడ్డాడు సరే, పెట్టిందెవరు? వెంటనే వచ్చే జవాబు: నీ పాపం, నా పాపం. ఆదివారం ఆదివారం నిలబడి చెప్పే విశ్వాస ప్రమాణం మాత్రం ఇంకోలా వుంది. అందులో మరియ పేరు తరవాత వుండే మనిషి పేరు పొంతి పిలాతు ఒక్కటే. శిష్యుల పేర్లు లేవు, పౌలు పేరు లేదు. ఒక ప్రభుత్వాధికారి పేరు వుంది. ఎవడి హయాంలో, ఎవడి సంతకంతో ఆ మనిషిని చంపారో మర్చిపోకుండా రెండు వేల ఏళ్లుగా అప్పజెపుతున్నారన్నమాట. మన విశ్వాసంలోనే ఇంత మంచి అలవాటుండగా, మన సొంత శిలువల దగ్గరికొచ్చేసరికి పేర్లు ఎందుకు మింగేస్తాం? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని నరికి, గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చుండూరు దళితులు తమ వాళ్లని ఊరి నడుమ పాతిపెట్టి ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. పిలాతు చేతులు కడుక్కున్న ఘట్టం మీద మన చర్చీల్లో ఏటా ప్రసంగాలు వింటాం. తీర్పు చెప్పి చేతులు కడుక్కోవటం అంటే ఏంటో చుండూరు పేరెత్తకుండా తెలుగులో ఎలా వివరిస్తారు?

పాపం దగ్గరికి వద్దాం, ఎందుకంటే శ్రమ దినాల వ్యాపారమంతా దాంతోనే. లూథరన్ ఆరాధన పాపపు ఒప్పుకోలుతో మొదలవుతుంది. ఈ నలభై రోజుల్లో అది ఇంకా చిక్కబడుతుంది. మత మార్పిడి గురించి అంబేద్కర్ రాసి, ఆయన చనిపోయిన చాలా ఏళ్లకి అచ్చయిన వ్యాసాల్లో సరిగ్గా ఇక్కడే వేలు పెట్టాడు. మనిషి పతనానికి కారణం అతని పాపమేనని మిషనరీ నేర్పాడు, దాంతో అంటరానివాడు తన దుస్థితికి కారణం చుట్టూ వున్న సమాజమని చూడటం మానేశాడు, క్రైస్తవుడయ్యాక పోరాడే పట్టుదలే సన్నగిల్లింది అని ఆయన వాదన సారాంశం. ఈ విమర్శకి మన సంఘ పెద్దలు ఇప్పటిదాకా సరైన జవాబివ్వలేదు. అంబేద్కర్ బౌద్ధుడు కాబట్టి అలా అన్నాడని దాటేశారు. నిజానికి జవాబుకి సామాను లూథరన్ల దగ్గరే వుంది. పాపం మనిషిని తన చుట్టూ తానే ముడుచుకునేలా చేస్తుందన్నది లూథరు బోధ. తన భూమి, తన కులం, తన పరువు చుట్టూ ముడుచుకున్న మనిషి ఎవరు? రోజు కూలి మీద బతికే స్త్రీ గర్వం గురించి ఒప్పుకోలు చేస్తుంది, ఆమెని పొలం గట్టు మీద దూరంగా కూర్చోబెట్టి అన్నం పెట్టే ఇంట్లో గర్వం గురించి ఎవరూ అడగరు. పాపం అందరికీ సమానంగా పంచారు, భూమి మాత్రం పంచలేదు.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేది పేతురు బొంకిన కథ మీద జరిగే ప్రసంగం. కోడి కూసేలోపు మూడుసార్లు ఆయన్ని ఎరగనన్న శిష్యుడు. ప్రసంగీకుడు గొంతు పెంచి 'మీలో ఎంతమంది ప్రభువుని ఎరగనంటున్నారు?' అంటాడు. చాపల మీద తలలు వంగుతాయి. ఎందుకు వంగుతాయో ఆయనకీ తెలుసు, వాళ్లకీ తెలుసు. సంఘం పుస్తకంలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. బాప్తిస్మపు పత్రం పెట్టెలో అడుగున, కుల ధ్రువీకరణ పత్రం పైన.

ఆ బొంకు ఎవరు పలికించారు? 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా, హిందూ మతం కాని మతంలో వున్న మనిషి షెడ్యూల్డు కులస్థుడు కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చుకున్నారు. క్రైస్తవుల్నీ ముస్లిముల్నీ చేర్చలేదు. ఆ మతాలు వేరే దేశంలో పుట్టాయట. కులం ఏ దేశంలో పుట్టిందో అడిగిన పాపాన పోలేదు. దళిత క్రైస్తవులకి మన దగ్గర బీసీ-సి కింద ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసెయ్యమని సిఫారసు చేసింది. తియ్యలేదు. 2022లో కేంద్రం ఇదే సంగతి తేల్చటానికి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి వెళ్లిన మనిషి ఎస్సీగా వుండడు కాబట్టి అట్రాసిటీ చట్టం అతనికి అక్కరకి రాదంది. కులం పేరుతో తిట్టేవాడు నీ బాప్తిస్మపు పత్రం అడగడు, ఫిర్యాదు ఇస్తే మాత్రం చట్టం అడుగుతుంది.

ఇదంతా తెలిసి కూడా పేతురు కథని వేదిక మీంచి విసరటం అంటే, రాజ్యం వేసిన శిక్షకి చర్చి జరిమానా వసూలు చెయ్యటమే. ఆ కథని ఇంకోలా చదవచ్చు. పేతురుని అడిగింది ఎక్కడ? ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో, మంట దగ్గర, అధికారుల మనుషుల మధ్య. అడగటానికి కారణాల్లో ఒకటి అతని యాస. గలిలయ పల్లెటూరి యాస విని పట్టేశారు. యాస పట్టి కులం కనిపెట్టే ప్రశ్నలు ఎలా వుంటాయో మన విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో చదివిన మొదటి తరం పిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 'మీదే ఊరు? ఊళ్లో ఎటువైపు?' నేను అలాంటి మంటల దగ్గర చాలాసార్లు కూర్చున్నాను. పేతురు పిరికితనం గురించి చెప్పేముందు ఆ ముంగిలి ఎవరిదో చెప్పాలి. తెల్లారేలోపు మూడుసార్లు అడిగించిన వ్యవస్థని వదిలేసి, ఏడ్చిన మనిషిని పట్టుకుని నలభై రోజులు ఏడిపించటం న్యాయం కాదు.

మాంసం సంగతి క్లుప్తంగా. చాలా ఇళ్లల్లో శ్రమ దినాల్లో నీసు ముట్టరు. పెళ్లిళ్లూ పెట్టుకోరు. భక్తితో ఎవరేం మానుకున్నా అది వాళ్లిష్టం. కానీ 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం ఇరవయ్యారో అధికరణం సరిగ్గా ఈ సంగతి మీదే వుంది: ఫలానా ఆహారం మానితే కృప దక్కుతుందనుకోవద్దని. ఉపవాసాన్ని అది తప్పనలేదు, తిండిలో తేడాలు పెట్టి పుణ్యం లెక్కగట్టటాన్ని తప్పంది. ఆ ప్రమాణం మీద నిలబడ్డ సంఘంలో 'మేం నలభై రోజులు శుద్ధంగా వున్నాం' అన్న మాట వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. తిన్న మాంసాన్ని బట్టే మనల్ని ఊరవతలికి నెట్టిన దేశం ఇది. మాంసం మానటాన్ని శుద్ధి అంటే, మిగతా మూడొందల పైచిలుకు రోజులు మనం అశుద్ధులమని మనమే సంతకం పెట్టినట్టు.

లూథరునే అడుగుదామంటే ఆయన దగ్గర రెండు ముఖాలున్నాయి. 1517లో ఆయన తొంభయ్యయిదు వాదాల్లో మొదటిది విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమే కావాలన్నది. నలభై రోజులకి కుదించటానికి వీల్లేదని అర్థం. 1518లో హైడెల్‌బర్గ్ వాదంలో సిలువ వేదాంతి ఉన్నదాన్ని వున్నట్టు పేరుపెట్టి పిలుస్తాడన్నాడు. ఇంత పదునైన కత్తి దళితుడి చేతికి దొరికితే ఎలా వుంటుంది! ఏడేళ్లు తిరక్కుండానే జర్మన్ రైతులు దాన్ని అందుకున్నారు. 1525లో వాళ్లు రాసుకున్న పన్నెండు కోరికల్లో మూడోది, క్రీస్తు తన రక్తంతో అందర్నీ కొన్నాడు కాబట్టి ఇక మమ్మల్ని ఎవరూ సొంత ఆస్తిగా వుంచుకోకూడదని. క్రీస్తు శ్రమల మీద ఇంతకంటే మంచి ధ్యానం నేను చదవలేదు. ఆత్మకి సంబంధించిన స్వేచ్ఛని వొంటికి సంబంధించింది చేస్తున్నారని లూథరు వాళ్లని మందలించాడు, తరవాత వాళ్లని అణచమని ప్రభువుల్ని ఎగదోశాడు. దాదాపు లక్షమంది చనిపోయి వుంటారని చరిత్రకారుల అంచనా. అక్కడ నోటి దాహం ఆత్మల దాహం అయినట్టే, ఇక్కడ వొంటి విడుదల ఆత్మ విడుదల అయింది. మన ప్రసంగీకుల పద్ధతికి వంశవృక్షం వుందన్నమాట. 2017లో సంస్కరణ ఉద్యమానికి అయిదొందల ఏళ్లని లోకమంతటా లూథరన్లు పండగ చేసుకున్నారు. 2025లో ఆ రైతులు చచ్చి అయిదొందల ఏళ్లు. మన సంఘాల్లో ఎంతమంది తలుచుకున్నారు?

ఎవరి పని వాళ్లకి దేవుడిచ్చిన పిలుపు, చెప్పులు కుట్టేవాడి పనీ గురువు పనీ ఒకటే అన్న లూథరు బోధ కూడా మన గడ్డ మీద తిరగబడింది. సన్యాసి గొప్ప, పనిమనిషి తక్కువ అనే లోకానికి అది తిరుగుబాటు. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసే మనుషుల్నే విడగొట్టిందని 1936లో అంబేద్కర్ చెప్పిన ఈ దేశంలో, 'నీ పని దేవుడిచ్చిందే, అందులోనే నమ్మకంగా వుండు' అంటే అది మనువు మాటకి బైబిలు అట్ట వెయ్యటం.

ఇన్ని మాటలన్నాక పాటల గురించి చెప్పకపోతే తప్పు. శ్రమ దినాల్లో పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలా వాటిని రాసిన పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. సంస్కృత సమాసాలు, రాగ తాళాలు. పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగం పేరు అచ్చయి వుంటుంది. అంటరాని పెదవుల మీద బ్రాహ్మణ భాష కూర్చుందని మన విమర్శకులు అంటే ఒప్పుకుంటాను. కానీ అంతటితో ఆపితే ఆ ఆడవాళ్లకి అన్యాయం చేసినట్టే. అక్షరం రాని మనుషులు అన్ని చరణాలూ తప్పు పోకుండా, పుస్తకంలో లేని గమకాలతో, వరినాట్ల పాట సాగదీసినట్టు సాగదీసి పాడతారు. ఆ సాగదీతలో రాగం చెరిగిపోయి ఏడుపు మిగులుతుంది. చనిపోయిన తల్లి కోసమో, పురుగుమందు తాగిన మొగుడి కోసమో ఏడ్చే ఏడుపు క్రీస్తు పాటలోకి దూరిపోతుంది. వేదిక మీద విడగొట్టిన రెండర్థాల్ని కింద చాప మీద కలిపేది ఆ గొంతులే. మన పరిశోధకులు ప్రసంగాలు రికార్డు చేస్తారు, ఆ పాటలు రికార్డు చెయ్యరు. గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పాఠాలు చెప్పిన జాషువా 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చుకున్నాడు. 'గబ్బిలం'లో ఆకలినీ అంటరానితనాన్నీ విడదియ్యకుండా చెప్పిన ఆ కవి పద్యం శ్రమ దినాల కూటాల్లో నేను విన్నది బహు తక్కువ.

దళిత వేదాంతం వచ్చింది కదా అంటారు. వచ్చింది. చెన్నైలో లూథరన్లే నడిపే గురుకుల్ వేదాంత కళాశాలలో 1980ల చివర దళిత వేదాంతానికి శాఖ పెట్టారు, అరవింద్ పి. నిర్మల్ అక్కడే పనిచేశాడు. దళితుడి వేదనలోంచే దేవుడు తెలుస్తాడన్నాడు. ఆయన చేసిన మేలు చిన్నది కాదు. కానీ ఆ మాట సెమినార్లలో ఇంగ్లీషులో తిరిగింది గానీ పల్లె కూటానికి తెలుగులో రాలేదు. ఇంకో చిక్కు, వేదనే మన గుర్తింపు అయినచోట పని మళ్లీ జారిపోయింది. మిరప కోసే మనిషికి వేదనే కాదు, చేతిలో నైపుణ్యం వుంది, రోజుకి ఎన్ని కిలోలు కోస్తే ఎంత రావాలో లెక్క వుంది, కూలి పెంచకపోతే చేనులోంచి లేచొచ్చే ధైర్యం వుంది. ఆ ధైర్యం శ్రమ దినాల ధ్యానంలోకి రావాలి.

మనలో మనకి కూడా ఒక ప్రశ్న. పరిశుద్ధ గురువారం కొన్ని సంఘాల్లో పాస్టరుగారు పన్నెండుమంది పాదాలు కడుగుతారు. ఆ పన్నెండుమంది ఎప్పుడూ పెద్దలే. మాల సంఘంలో మాలలు, మాదిగ సంఘంలో మాదిగలు. వర్గీకరణ మీద 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఈ మధ్య దూరం ఇంకా పెరిగింది. ఒక మాల పెద్ద చెప్పులు కుట్టే మాదిగ పాదాలు కడిగిన గురువారం ఎక్కడైనా వుంటే చెప్పండి, రాస్తాను.

2017లో శుభ శుక్రవారం ఏప్రిల్ 14న వచ్చింది. ఒకే రోజు సిలువ ఆరాధన, అంబేద్కర్ జయంతి. ఒకే పల్లె, ఒకే మనుషులు, రెండు మైకులు. నల్లబట్టలు, తెల్లబట్టలు ఒకపక్క, నీలం జెండాలు ఇంకోపక్క. 'ప్రభువు చనిపోయిన రోజున డప్పులేంటి' అని పెద్దలు, 'బాబాసాహెబ్ పుట్టిన రోజున ఏడుపులేంటి' అని కుర్రాళ్లు. చాలాచోట్ల సర్దుబాటు ఒకటే: మూడింటిదాకా చర్చి, సాయంత్రం విగ్రహం. గంటలు పంచుకున్నారు గానీ మాటలు పంచుకోలేదు. ఐదో మాట చెప్పే మనిషి మహాడ్ చెరువు గురించి చెప్పలేదు, విగ్రహం దగ్గర మాట్లాడిన మనిషి పొద్దున విన్న సిలువ గురించి చెప్పలేదు. 2028లో శుభ శుక్రవారం మళ్లీ ఏప్రిల్ 14నే వస్తుంది. ఏడు మాటలు ఎవరెవరికి ఇవ్వాలో పెద్దలు ఎప్పట్లాగే ముందే కూర్చుని రాసుకుంటారు. ఈసారి ఐదో మాట మిరప కోతలకి పోయే మనిషికి ఇమ్మని అడగాల్సింది ఆ సంఘాల్లో వున్న మన విద్యార్థులూ టీచర్లూ.